మైలేజీ పడిపోయింది, డీజిల్ వాసన వస్తోంది: ఇంజెక్టర్లు మార్చాల్సిందేనా?

ఈసారి డీజిల్ కార్ల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. మొదటిదానికి జవాబు కాస్త పొడుగు, ఎందుకంటే మిగతావాళ్లకు పనికొచ్చే సంగతులు చాలావరకు అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: నాది ఆరేళ్ల డీజిల్ కారు. లీటరుకు 18 కిలోమీటర్లకు తగ్గకుండా ఇచ్చేది, ఈ మధ్య 13 దాటడం లేదు. దానికి తోడు బండి ఆగి ఉన్నప్పుడు లోపల పచ్చి డీజిల్ వాసన. మెకానిక్ చూసి, నాలుగు ఇంజెక్టర్లూ (ఇంజిన్‌లోకి డీజిల్ చల్లేవి) పోయాయి, సెట్ మొత్తం మార్చాలి అన్నాడు. స్టార్టింగ్‌లో ఇబ్బంది లేదు, పొగ పెద్దగా లేదు, డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగలేదు. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ మెకానిక్ రెండు లక్షణాలు చూసి ఒకే జబ్బు అనుకున్నాడు. అవ్వొచ్చు, కాకపోనూ వచ్చు, అది తేలాలంటే స్పానర్ పట్టుకోవడానికి ముందు కాస్త లెక్క వేసుకోవాలి.

18 ఇచ్చే బండి 100 కిలోమీటర్లకు ఐదున్నర లీటర్లు తాగుతుంది. 13 ఇస్తోందంటే 7.7 లీటర్లు. అంటే ప్రతి 100 కిలోమీటర్లకు రెండు లీటర్ల పైచిలుకు అదనంగా ఎటో పోతోంది. అంత డీజిల్ పైపుల్లోంచి కారిపోతుంటే వాసనతో సరిపోదు, బండి నిలిపిన చోటల్లా మడుగు కడుతుంది. సెకనుకో చుక్క చొప్పున ఆగకుండా కారినా గంటకు 200 మిల్లీలీటర్లు దాటదు, ఆ 100 కిలోమీటర్లకు మూడు గంటలు పట్టిందనుకున్నా మహా అయితే 600 మిల్లీలీటర్లు. మిగతా లీటరున్నర సంగతేంటి? అందుకే వాసన పుట్టిస్తున్న లీకు వేరు, మైలేజీని మింగుతున్నది వేరు అనుకుని మొదలుపెట్టండి. చివరికి రెండూ ఒకటే అని తేలితే నష్టమేమీ లేదు.

డీజిల్ పోవడానికి ఉన్న దారులు నాలుగే. బయటికి కారాలి, సరిగ్గా కాలకుండా సైలెన్సర్‌లోంచి పోవాలి, ఇంజిన్ ఆయిల్‌లో కలవాలి, లేదంటే శుభ్రంగా కాలి బండిని లాగడానికే ఎక్కువ ఖర్చవ్వాలి. ఈ నాలుగోదాన్ని ఎవరూ అనుమానించరు, మెకానిక్‌లు అసలే అనుమానించరు, ఎందుకంటే దానికి బానెట్ ఎత్తే పని ఉండదు.

అన్నిటికంటే ముందు ఆ 13 నిజమేనా అన్నది చూసుకోండి. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ అంచనా మాత్రమే, అది ఎక్కువగా చూపించడమే మామూలు. ట్యాంకు నింపించి, నాజిల్ తనంతట తాను ఆగగానే ఆపేసి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యాక వీలైతే అదే పంపులో మళ్లీ ఆటో కట్ దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారితో తీర్పు ఇచ్చేయకండి, వరసగా రెండు మూడు ట్యాంకులు చూడాలి. మధ్యలో టైర్ల సైజు మార్పించి ఉంటే ఓడోమీటర్ లెక్కే తప్పుతుంది. పెద్ద టైర్లు వేస్తే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది. మీ తిరుగుడు ఏమైనా మారిందా అన్నది కూడా ఆలోచించండి. ఇంతకుముందు హైవే మీద ఎక్కువ తిరిగి ఇప్పుడు ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలే తిరుగుతుంటే, ఆ తేడాలో సగం బండి తప్పు కాకపోవచ్చు.

ఇక వాసన. డీజిల్ పెట్రోల్‌లా గాల్లో కలిసిపోదు, పడ్డచోటే జిడ్డుగా ఉండిపోతుంది. అందుకే చెంచాడు కారినా కారంతా కంపు కొడుతుంది. వాసన ఘాటును బట్టి లీకు ఎంత పెద్దదో ఊహించడం కుదరదు. అది ఎక్కడిదో పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఏసీ బటన్లలోనే ఉంది. వాసన వస్తున్నప్పుడు బయటి గాలి ఆపేసి లోపలి గాలే తిరిగేలా పెట్టండి. కాసేపటికి తగ్గిందా, సరుకు ఇంజిన్ వైపు నుంచి వస్తోందన్నమాట, ఎందుకంటే బయటి గాలి లోపలికి వచ్చే దారి ముందు అద్దం కింద, బానెట్ చివరనే ఉంటుంది. బండి కదులుతున్నప్పుడు గాలికి కొట్టుకుపోయే వాసన, ఆగగానే అక్కడ పోగై లోపలికి వస్తుంది. మీ బండికి ఇదే సరిపోతోంది. బటన్ మార్చినా తగ్గకపోతే మాత్రం వెనక సీటు కింద, డిక్కీలో, ట్యాంకు వైపు వెతకాలి.

వాసన ఏ రకమో కూడా గమనించండి. పచ్చి డీజిల్ వాసన అయితే ఎక్కడో కారుతోంది. కళ్లు మండించే, పొగ కలిసిన వాసన అయితే ఇంజెక్టర్ అడుగున ఉండే రాగి వాషర్ దగ్గర మంట గ్యాస్ బయటికి తన్నుతుండొచ్చు. అలాంటప్పుడు చెవి పెట్టి వింటే ఇంజిన్ వేగంతో పాటు చుఫ్ చుఫ్ అని శబ్దం వస్తుంది, ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి గడ్డ పేరుకుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఇంజెక్టర్ అక్కడే బిగుసుకుపోయి, తర్వాత ఊడదీయడమే పెద్ద పని అవుతుంది. పైగా అది ఎగ్జాస్ట్ గ్యాస్, అద్దాలు మూసుకుని పీల్చేది కాదు.

మీది పచ్చి వాసనే కాబట్టి బానెట్ ఎత్తి చూడండి. ఈ మధ్య డీజిల్ ఫిల్టర్ మార్పించి ఉంటే ముందు అక్కడే. ఓ-రింగ్ సరిగ్గా కూర్చోకపోవడం, ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ వదులుగా ఉండిపోవడం, పైపు క్లిప్పు సగమే పట్టడం సర్వీసు తర్వాత మామూలుగా కనిపించేవే. తర్వాత ఇంజెక్టర్ల తలల మీద ఒకదాని నుంచి ఒకదానికి వెళ్లే సన్నటి రిటర్న్ పైపులు, అంటే మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపేవి. ఇవి వేడికి గట్టిపడి, జాయింట్ల దగ్గర చెమర్చడం మొదలుపెడతాయి. చల్లగా ఉన్నప్పుడు అంతా పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఇంజిన్ ఆన్ చేసి ఆపి, టార్చ్ వేసి చూస్తే ఎక్కడ తడి పుట్టిందో తెలుస్తుంది. నా అనుమానం ఈ పైపుల మీదే. అదే అయితే పైపులూ సీళ్లూ మారిస్తే చాలు, ఇంజెక్టర్ల జోలికి పోనక్కర్లేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా పంపు నుంచి రైలుకు (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టం), రైలు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప పైపుల దగ్గర లీకు కోసం చేత్తో తడమకండి. కామన్ రైల్ ఇంజిన్లో ఆ పైపుల్లో ఒత్తిడి 1600 బార్ దాటి పోతుంది, మీ టైర్లో ఉండేది రెండున్నర బార్ లోపే. కంటికి కనిపించని సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలో చెయ్యో పోయేంత ప్రమాదం. అలాంటి చోట మెకానిక్‌లు అట్టముక్క అడ్డం పెట్టి చూస్తారు. మీరైతే ఆ పని వాళ్లకే వదిలేయండి. వేడి ఇంజిన్ మీద, టర్బో మీద డీజిల్ పడుతున్నట్టు కనిపిస్తే అసలు నడపకండి, అది మంటలకు దారి.

వాసన సంగతి తేలాక మైలేజీకి వద్దాం. ముందు గాలి. నాలుగు టైర్లలోనూ చల్లగా ఉన్నప్పుడు డోర్ దగ్గరి స్టిక్కర్ మీద రాసినంత ప్రెషర్ ఉందా? తర్వాత బ్రేకులు. కాసేపు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి దూరంగా పెట్టి చూడండి, తాకొద్దు. ఒక చక్రం మిగతావాటికంటే సెగ కొడుతుంటే అక్కడ కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) బిగుసుకుని బ్రేకు పట్టేసే ఉంది. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి తోస్తే బండి సులువుగా కదలాలి. అలైన్‌మెంట్ పోయి టైర్లు ఒకపక్కే అరుగుతున్నాయా చూడండి. పైన క్యారియర్ బిగించి మర్చిపోయారా? హైవే వేగంలో గాలిని కోయడానికి అది బాగానే తాగిస్తుంది.

అవేవీ కాకపోతే అప్పుడు స్కానర్. లైటు వెలగలేదు కాబట్టి స్కాన్ అక్కర్లేదంటే ఒప్పుకోకండి, మనకు కావాల్సింది ఎర్రర్ కోడ్ కాదు, బండి నడుస్తుండగా కనిపించే అంకెలు. మొదటిది కూలెంట్ వేడి. ఇంజిన్ కాగిన తర్వాత అది 80, 90 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. హైవే మీద 70 కిందికి జారిపోతుంటే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని వేడిని బట్టి తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చాలా కార్లలో ఉష్ణోగ్రత ముల్లు ఉండదు, ఉన్నా మధ్యలోనే నిలబడి అంతా బాగుందనిపిస్తుంది, కాబట్టి ఇది ఏళ్లతరబడి బయటపడదు. ఇంజిన్ ఎప్పుడూ చలిలోనే ఉందని కంప్యూటర్ అనుకుంటూ డీజిల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది, అంతేకాక చాలా బండ్లలో డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్) తనను తాను శుభ్రం చేసుకునే పని కూడా సరిగ్గా సాగదు. పొగ లేదు, లైటు లేదు, మైలేజీ మాత్రం లేదు అనే మీ వివరణకు ఇది బాగా అతుకుతుంది. ఆ అంకె చూడకుండా ఇంజెక్టర్లు మార్చడం శుద్ధ దండగ.

రెండోది డీపీఎఫ్. అందులో మసి ఎంత నిండింది, చివరిసారి ఎన్ని కిలోమీటర్ల కిందట కాల్చుకుంది అన్నవి స్కానర్ చెబుతుంది. మసి కాలాలంటే ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కాలి, ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ పోస్తుంది. చిన్న చిన్న దూరాలే తిరుగుతుంటే మొదలైన పని సగంలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంటుంది. ఆ డీజిలంతా వృథా. మూడోది గాలి. టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం పగిలితే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బుస్సుమని శబ్దం, నల్లటి పొగ, లాగుడు తగ్గడం కనిపిస్తాయి. ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయినా పొగ నల్లగానే వస్తుంది. మీకు పొగ లేదన్నారు కాబట్టి ఈ రెండూ వెనక వరసలో ఉంచుదాం, కానీ డీపీఎఫ్ ఉన్న బండిలో మసి చాలావరకు అక్కడే ఆగిపోయి బయటికి కనిపించదని గుర్తుంచుకోండి.

చివరికి ఇంజెక్టర్లు. ఐడ్లింగ్‌లో ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ ఎంత సవరించి డీజిల్ పోస్తోందో స్కానర్లో కనిపిస్తుంది. నాలుగింటిలో ఒకటి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే అప్పుడు అనుమానించాలి. ఒక్కో రిటర్న్ పైపును ఒక్కో సీసాలో పెట్టి ఎంత చేరిందో పోల్చే పరీక్ష కూడా ఉంది, మీ మెకానిక్ బహుశా అదే చేసి ఉంటాడు, లేదా అదీ చేసి ఉండడు. అయితే ఒక మెలిక ఉంది. రిటర్న్ ఎక్కువగా వచ్చే డీజిల్ మళ్లీ ట్యాంకులోకే పోతుంది, రోడ్డు మీద పడదు. అది ఎక్కువైతే రైల్లో ఒత్తిడి నిలవక స్టార్టింగ్ కష్టమవుతుంది, మీకు ఆ ఇబ్బందే లేదు. నిజంగా ఇంజెక్టర్ కొనన ఉండే నాజిల్ అరిగి ఎక్కువ పోస్తుంటే పొగ, ఐడ్లింగ్‌లో వణుకు, టకటక చప్పుడు లాంటివి ఏదో ఒకటి కనిపించాలి. కాబట్టి ఆ నాలుగు ఇంజెక్టర్ల మాట అన్నవాణ్ణి ఒక్కటే అడగండి: ఏ అంకె చూసి అంటున్నావు? చూపించగలిగితే అప్పుడు ఆలోచిద్దాం, అప్పుడైనా ఊడదీసి బెంచి మీద టెస్ట్ చేయించాకే, అదీ పోయిందని తేలినవే.

ప్రశ్న: సర్వీసు అయ్యి కొన్ని నెలలైంది. మా బండి ఇంజిన్ ఆయిల్ తాగదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి, ఈమధ్య చూస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గలేదు సరికదా, పై గీత దాటింది. మైలేజీ కూడా కొంచెం తగ్గింది. ఇంటి నుంచి ఆఫీసుకు రోజూ పది నిమిషాల ప్రయాణం, ఎక్కడికీ దూరం వెళ్లను. టెన్షన్ పడాలా?

జవాబు: పడాలి. ఆయిల్ దానంతట అది పెరగదు, అందులో ఏదో కలుస్తోంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేయండి. డీజిల్ కలిస్తే వాసన పట్టిస్తుంది, చుక్క నల్లటి మచ్చ చుట్టూ పల్చటి జిడ్డు వలయంలా పాకుతుంది. అదే కాఫీలో పాలు పోసినట్టు తెల్లగా చిక్కగా ఉంటే కూలెంట్ కలుస్తోందని, అది వేరే కథ. సర్వీసులోనే ఎక్కువ పోసి ఉండే అవకాశమూ ఉంది, అప్పుడు చూడకపోతే ఇప్పుడు చెప్పలేం. చూసేటప్పుడు బండి చదునుగా ఉండాలి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు గడవాలి, లేకపోతే కొలత తప్పుతుంది.

మీ వివరాలు చూస్తే డీపీఎఫ్ పనే అనిపిస్తోంది. పైన చెప్పిన శుభ్రత కోసం చాలా ఇంజిన్లు సిలిండర్లో పేలుడు అయిపోయాక మరోసారి డీజిల్ చల్లుతాయి, అది ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి వేడి పుట్టించాలి. అందులో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్‌లోకి జారుతుంది. మామూలుగా దూరాలు తిరిగే బండిలో ఇది పెద్ద సమస్య కాదు. పది నిమిషాల ప్రయాణంలో ఆ పని ఎప్పుడూ పూర్తికాదు, కాబట్టి మళ్లీ మళ్లీ మొదలవుతుంది, ప్రతిసారీ కొంచెం డీజిల్ కిందికి చేరుతుంది. మైలేజీ తగ్గడానికీ ఆయిల్ పెరగడానికీ ఇక్కడ కారణం ఒకటే. ఇంజిన్ ఆపాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉండటం, ఐడ్లింగ్ కాస్త పెరగడం, కాలిన ఘాటు వాసన లాంటివి మీరు గమనించే ఉంటారు. అలా కనిపించిన రోజు వెంటనే ఆపేయకుండా 15, 20 నిమిషాలు ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో తిప్పుకొస్తే ఆ పని పూర్తవుతుంది.

కానీ అది ఇకముందు సంగతి. ఇప్పుడున్న ఆయిల్‌తోనే బండి తిప్పకండి. పల్చబడ్డ ఆయిల్ టర్బోనూ బేరింగులనూ కాపాడలేదు. లెవెల్ మరీ పెరిగితే ఇంకో గండం కూడా ఉంది, ఆయిల్ ఆవిరి బ్రీదర్ పైపు ద్వారా ఇంజిన్ గాల్లోకి చేరి అదే ఇంధనంలా మండుతుంది, తాళం తిప్పి ఆపినా ఇంజిన్ ఆగకుండా రేసయిపోతుంది. చాలా అరుదు, కానీ జరిగితే మాన్యువల్ గేరు బండిలో బ్రేకు గట్టిగా తొక్కి పట్టి టాప్ గేర్ వేసి క్లచ్ వదిలి ఆపాలి, ఆటోమేటిక్ అయితే దిగి దూరంగా వెళ్లడమే. కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్పించండి, స్కానర్ పెట్టి డీపీఎఫ్ మసి చూపించమనండి, థర్మోస్టాట్ కూడా ఓ కంట చూడమనండి. దూరాలు తిరుగుతున్నా ఆయిల్ మళ్లీ పెరుగుతుంటే ఇంజెక్టర్ కారుతోందా అన్నది చూడాలి, కొన్ని ఇంజిన్లలో పంపు సీలు పోయినా డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంకో మాట, రోజూ పది నిమిషాలే తిరిగేవాళ్లకు డీపీఎఫ్ ఉన్న డీజిల్ కారు సరైన ఎంపిక కాదు. ఈసారి కొనేటప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: ఫుల్ ట్యాంక్ చేయించిన రెండు రోజులు వెనక సీటు దగ్గర డీజిల్ వాసన, తర్వాత దానంతట అదే పోతుంది. సగం ట్యాంకు ఉన్నప్పుడు ఏమీ ఉండదు. మైలేజీ మామూలే.

జవాబు: మీరే సగం కనిపెట్టేశారు. ట్యాంకు పైభాగంలో ఎక్కడో సందు ఉంది, డీజిల్ ఆ ఎత్తుకు చేరినప్పుడే బయటపడుతోంది. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే చిన్న మూత కనిపిస్తుంది, దాని కింద డీజిల్ కొలిచే ఫ్లోట్ యూనిట్, దాని చుట్టూ రబ్బరు సీలు ఉంటాయి. ఆ సీలు ఎండిపోయినా, అక్కడి పైపు జాయింట్ వదులైనా పైన దుమ్ము డీజిల్‌తో తడిసి నల్లటి మట్టిలా కనిపిస్తుంది. అక్కడ పొడిగా ఉంటే వెనక చక్రం పైన, మూత నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం, దాని పక్కనే ఉండే గాలి పైపు చూడాలి. చక్రం విసిరే బురదలో అవే ముందు పాడవుతాయి.

ఆటో కట్ అయ్యాక కూడా మూతిదాకా నింపించే అలవాటుంటే మానేయండి. 50 లీటర్ల డీజిల్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది, ఇంజిన్ నుంచి తిరిగొచ్చే డీజిల్ వేడిగానే వస్తుంది కాబట్టి ట్యాంకు వేడెక్కడం మామూలే. అది ఉబ్బడానికి పైన చోటు వదలాలి.

ప్రశ్న: మైలేజీ కోసం ఇంజెక్టర్ క్లీనర్ సీసా పోయొచ్చా? మా మిత్రుడు కొంచెం కిరోసిన్ కలిపితే ఇంకా మంచిదంటున్నాడు.

జవాబు: పేరున్న కంపెనీ క్లీనర్‌ను సీసా మీద రాసిన మోతాదులో పోస్తే నష్టం లేదు. నాజిల్ మీద పల్చటి మసి ఉంటే కొంత పోతుంది. అరిగిన నాజిల్‌ను, పోయిన వాషర్‌ను, కారే పైపును మందు సీసా బాగుచేయదు. కిరోసిన్ మాత్రం పోయకండి. కామన్ రైల్ పంపుకు వేరే గ్రీజు, ఆయిల్ ఉండవు, లోపల నడిచే డీజిలే దానికి జిడ్డు. కిరోసిన్‌లో ఆ జిడ్డుతనం తక్కువ, పంపు అరిగి ఆ ఇనుప రజను మొత్తం ఇంజెక్టర్లలోకి పాకితే అప్పుడు నిజంగానే సెట్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

ప్రశ్న: డిక్కీలో క్యాన్ ఒరిగి లీటరు డీజిల్ పడింది. ఎన్ని పెర్‌ఫ్యూమ్‌లు కొట్టినా వాసన పోవడం లేదు.

జవాబు: పెర్‌ఫ్యూమ్‌తో పోదు, రెండు వాసనలు కలిసి ఇంకా తలనొప్పి తెస్తాయి. డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి, అసలు సరుకు కింద స్పాంజిలోనూ స్టెప్నీ గుంతలోనూ ఉంటుంది. ముందు పాత గుడ్డలతో రుద్దకుండా అద్ది తీయండి, తర్వాత రంపపు పొట్టో వంటసోడానో మందంగా చల్లి రాత్రంతా ఉంచి ఎత్తేయండి, ఇది రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, కార్పెట్ బయటికి తీసి ఎండలో బాగా ఆరనివ్వండి. స్పాంజి లోపలిదాకా పీల్చేసి ఉంటే దాన్ని మార్చడమే తేలిక. డీజిల్ గుడ్డలను డిక్కీలోనే ఉండచుట్టి పడేయకండి, బయట పరిచి ఆరబెట్టి పారేయండి.